అంతా నీ ఇష్టమే

ఈ సంవత్సరం సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘంవారు అడిగినప్పుడు, సంఘ వారోత్సవాల్లో నేను చేసిన ఉపన్యాసాన్నే కాస్త సాపుచేసి ఇచ్చేద్దామనుకున్నాను. రెండో బహుమతి వచ్చిన ఉపన్యాసం గదా, మళ్ళీ కొత్తగా బుర్ర బద్దలుకొట్టుకోవడమెందుకని నా లెక్క. ఆ కాగితాలు ఇప్పటికీ నా పెట్టెలోనే ఉన్నాయి. కాని వాటిని అచ్చుకివ్వడానికి మనసొప్పలేదు. ఎందుకొప్పలేదో రాస్తే అదే ఒక వ్యాసమవుతుందని మా రూమ్మేటు సలహా. బాగోకపోతే తిట్లన్నీ ఆ పిల్లకే చెందుతాయి.

వక్తృత్వ పోటీలో ఇచ్చిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. "స్త్రీకి తగినది గృహమా? ఉద్యోగమా?" ఏటేటా ఏదో ఒక రూపంలో తిరిగొచ్చే విషయమే ఇది. మా అమ్మ కాలేజీలో చదివే రోజుల్లోనూ ఇదే ఇచ్చేవారట. పురుషునికి తగినది గృహమా, ఉద్యోగమా అని ఎక్కడైనా పోటీ పెట్టగా నేనింతవరకు వినలేదు. సరే, నేను "ఉద్యోగమే" అన్న పక్షాన ఐదు నిమిషాలు మాట్లాడాను. చివర్లో గొంతు కాస్త పెంచి, "మా అమ్మ ఇంటిని ఎంచుకుంది. అది ఆమె ఇష్టం. నేను ఉద్యోగాన్ని ఎంచుకుంటాను. ఇది నా ఇష్టం. మేమిద్దరమూ స్వతంత్రులమే!" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. బహుమతిగా మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియరు ఇచ్చారు. "గృహమే" అన్న పక్షాన మాట్లాడిన అబ్బాయికి మొదటి బహుమతి వచ్చింది. అతనికి పుస్తకాలిచ్చారు. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను.

సంక్రాంతి సెలవులకి ఇంటికి, అంటే విజయనగరం, వెళ్ళాను. నా ఉపన్యాసాన్ని స్నేహితురాలు ఫోనులో తీసింది. దాన్ని అమ్మకి చూపించాను. అమ్మ అరిసెల పిండి పని ఆపి, చేతులు తుడుచుకుని, గోడకి జారబడి మొదట్నుంచి చివరిదాకా విన్నది. నాకు తెలుసు, మెచ్చుకుంటుంది. మెచ్చుకుంది కూడా.

"బాగా మాట్లాడావు. గొంతు వణకలేదు. కాని నా సంగతే తప్పు చెప్పావే."

"ఏం తప్పు చెప్పానమ్మా?"

"నేను ఎంచుకున్నానని ఎవరు చెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. నిజమే. నాకు ఊహ తెలిసేసరికి అమ్మ ఇంట్లో ఉంది. అంతకుముందు మూడేళ్ళు పంతులమ్మగా పనిచేసిందని తెలుసు. మానేసిందనీ తెలుసు. మానేసింది అంటే తనే మానేసిందనుకున్నాను. మన భాషలో క్రియాపదం అలా ఉంటుంది మరి. మానేసింది. ఎవరు మానిపించారో ఆ మాటలో ఎక్కడా కనిపించదు.

అమ్మ లేచివెళ్ళి మంచంకింది ట్రంకుపెట్టె లాగింది. అందులో తన సర్టిఫికెట్లు ఓ ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. పదో తరగతి, ఇంటరు, టీచరు ట్రైనింగు, డీఎస్సీలో ఎంపికైనట్టు వచ్చిన ఉత్తర్వు. అన్నిటికన్నా అడుగున, మడతల దగ్గర చిరుగుతున్న ఒక కార్బన్ నకలు. తన రాజీనామా పత్రం. 1999 నాటిది.

"చదువు," అంది.

చదివాను. "నా స్వంత కుటుంబ కారణముల వలన, ఎవరి ప్రోద్బలమూ, ఎవరి బలవంతమూ లేకుండ, పూర్తి స్పృహతో, మనఃపూర్వకముగా..." ఇలా సాగింది. రాజీనామా పత్రం ఇలా ఉంటుందా అని నాకు అనుమానం వచ్చింది. అచ్చం పొలం అమ్మకం దస్తావేజులా ఉంది. ఉండదూ మరి? రాసింది మా తాతయ్య. నాన్నగారి నాన్న. ఆయన రిజిస్ట్రారాఫీసు దగ్గర నలభై ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఇప్పుడు ఆయన లేరు. మమ్మల్ని భుజాలమీద మోసి పైడితల్లి సిరిమానోత్సవం చూపించిన మనిషి. ఆయన్ని దుర్మార్గుడని నేననలేను, అనను. కోడలి ఉద్యోగాన్ని ఆయన చాలా శుభ్రంగా, తప్పుల్లేకుండా, చుట్టుహద్దులతో సహా రాసిచ్చేశారు. అంతే. అమ్మది అడుగున సంతకం ఒక్కటే.

ఆ సంతకం చూసి నేను తెల్లబోయాను. ఇంగ్లీషులో, కుడివైపుకి వాలుతూ, ఒక్క విసురులో పెట్టిన సంతకం. రోజూ హాజరుపట్టీలో పెట్టిపెట్టి చెయ్యి తిరిగిన మనిషి సంతకం. ఇప్పటి అమ్మ సంతకం నాకు తెలుసు. గ్యాసు పుస్తకంలోనూ, నా హాస్టలు కాగితాలమీదా ఉంటుంది. తెలుగులో, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పెడుతుంది. ఆ రెండు సంతకాలూ ఒక మనిషివంటే బ్యాంకులో ఒప్పుకోరు.

అసలు జరిగిందేమిటంటే, అమ్మకి ఉద్యోగం అనంతగిరి కొండల్లో పడింది. ఏకోపాధ్యాయ పాఠశాల. పెద్ద పంతులూ తనే, చిన్న పంతులూ తనే, గంట కొట్టేదీ తనే. తెల్లవారుజామున విజయనగరంలో బస్సెక్కి శృంగవరపుకోటలో దిగి, అక్కడ ఘాటురోడ్డు ఎక్కే బస్సు పట్టుకుని, దిగాక మళ్ళీ కాలినడక. వర్షాకాలంలో గెడ్డ పొంగితే ఆవలి గట్టునుంచి పిల్లలు చేతులూపేవారట, ఈవలి గట్టునుంచి అమ్మ చేతులూపి వెనక్కొచ్చేసేదట. వారంలో నాలుగు రోజులు అక్కడే ఒక అద్దెగదిలో ఉండేది. పిల్లల భాష మొదట్లో అమ్మకి అర్థమయ్యేది కాదు, అమ్మ భాష పిల్లలకి అర్థమయ్యేది కాదు. ఆరునెలలకి ఎవరి భాష ఎవరికి వచ్చిందో చెప్పలేనంతగా కలిసిపోయారట. ఈ సంగతులు చెబుతున్నప్పుడు అమ్మ మొహం నేనెప్పుడూ చూడని మొహం. జీతం మూడువేల చిల్లర. మొదటి జీతంతో కొన్న గోడగడియారం మా వసారాలో ఇంకా నడుస్తోంది. అది అమ్మ కొన్నదని నాకు ఆ రోజుదాకా తెలియదు.

అన్నయ్య పుట్టాడు. వాణ్ణి ఎత్తుకుని కొండమీదికి వెళ్ళడం కష్టమైంది. నాన్నమ్మకి పక్షవాతం వచ్చింది. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అందరూ అంటే అమ్మ తప్ప. అమ్మ వంటింట్లో ఉంది. మర్నాడు తాతయ్య కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు.

"మరి నాన్నేమన్నారు?" అని అడిగాను.

"ఏమంటారు? 'నీ ఇష్టం' అన్నారు. రాత్రి తొమ్మిదింటికి, లైటు తీసేస్తూ."

జీతం లేని సెలవు పెట్టుకునే వీలుందని, అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, వాడు కాస్త ఎదిగాక మళ్ళీ వెళ్ళి చేరవచ్చునని, అమ్మకి రెండేళ్ళ తర్వాత ఎక్కడో పెళ్ళిలో కలిసిన తోటి టీచరు చెప్పిందట. దస్తావేజుల్లో ఆరితేరిన తాతయ్యకి ఆ సంగతి తెలియదా, తెలిసీ చెప్పలేదా? ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మకి రాలేదు. పైగా నన్ను కసురుకుంది. "ఇదిగో, ఇంట్లో కూర్చుని పాతికేళ్ళు కుమిలిపోయానని ఎక్కడా ఉపన్యాసం చెప్పకు. అదీ అబద్ధమే. మొదటి ఏడు తెల్లవారుజామున బస్సు వేళకి మెలకువ వచ్చేసేది. తర్వాత రావడం మానేసింది. మిమ్మల్ని పెంచడం నాకు బరువనిపించలేదు. ఇల్లు చూసుకోవడం కూడా నాకిష్టమే. దొడ్లో ఆ చిక్కుడుపాదు నాకిష్టమే."

"మరి బాధ దేనికమ్మా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అడగలేదు గదే. ఎవరైనా కూర్చోబెట్టి, 'నీకేం కావాలి?' అని అడిగుంటే ఇంట్లోనే ఉంటాననేదాన్నేమో. ఏమో. ఏమనేదాన్నో నాకే తెలియకుండా పోయింది. అదీ."

నా ఉపన్యాసం కాగితాలు పెట్టెలోనే ఉండిపోవడానికి కారణం ఇది.

నేను అర్థశాస్త్రం విద్యార్థినిని. మా క్లాసులో జాతీయాదాయం పాఠం చెప్పేటప్పుడు ఏ మాస్టారైనా ఒక హాస్యం తప్పకుండా చెబుతారు. పిగూ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త చెప్పినది. ఒక పెద్దమనిషి జీతమిచ్చి ఇల్లు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషినే పెళ్ళి చేసుకుంటే దేశపు ఆదాయం తగ్గిపోతుంది. పని అదే, వంట అదే, మనిషీ ఆవిడే. జీతం ఆగింది గనక లెక్కలోంచి పోయింది. మేమందరం నవ్వాం. ఆడపిల్లలమే ఎక్కువ నవ్వాం. అమ్మ విషయంలో ఇదే జరిగిందని ఆ కార్బన్ నకలు చూసేదాకా నాకు తట్టలేదు. అనంతగిరి కొండల్లో ముప్ఫైమంది పిల్లలకి అక్షరాలు నేర్పితే దేశానికి ఆదాయం. ఇంట్లో ఇద్దరు పిల్లలకి నేర్పితే ఏమీలేదు.

ఏమీలేదు అంటే నిజంగానే ఏమీలేదు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళని, సుమారు 36 కోట్లమందిని, బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయనివారి జాబితాలో వేశారు. ఇదేం వర్గీకరణ అని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో మండిపడింది. 2021 జనవరిలో మరో తీర్పు వచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసది. ఇంటి ఇల్లాలి శ్రమకి కూడా ఆదాయం లెక్కకట్టి పరిహారమివ్వాలని, అలా కట్టడం ఆమెకి చేసే దయ కాదని, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్. వి. రమణగారు అందులో విడిగా వివరంగా రాశారు. నాకు చాలా సంతోషం వేసింది. ఫోనులో అమ్మకి చదివి వినిపించాను. అంతా విని అమ్మ అంది: "అయితే చచ్చిపోతే గాని లెక్కకట్టరన్నమాట."

ఆ తీర్పులో ఉదహరించిన అంకె ఒకటుంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయంవారు ఎవరు రోజంతా దేనికెంత సమయం ఖర్చుచేస్తారో సర్వే చేశారు. జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవారు రోజుకి 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మళ్ళీ 2024లో చేశారు. ఈసారి ఆడవాళ్ళవి 289 నిమిషాలు. పది నిమిషాలు తగ్గాయి! సంతోషించబోయి పక్క అంకె చూశాను. మగవాళ్ళవి 88. వారికీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఆ పని ఎక్కడికి పోయిందో, ప్రెషర్ కుక్కరు చేస్తోందో, హోటళ్ళు చేస్తున్నాయో ఆలోచించవలసిన విషయమే గాని, అది మరో వ్యాసం.

ఇంతవరకు చదివినవారు, "అయితే ఉద్యోగమే స్వాతంత్ర్యమని తేల్చినట్టే గదా, ఆ ఉపన్యాసమే అచ్చువేయించుకోవచ్చు" అనవచ్చు. అలా తేల్చేయడానికి మా పిన్ని అడ్డమొస్తోంది.

పిన్ని, అంటే అమ్మ సొంత చెల్లెలు, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగి. పెళ్ళిచూపుల్లోనే పెళ్ళివారు, "కట్నం కాస్త అటూయిటూ అయినా ఫర్వాలేదు లెండి, నెలనెలా వస్తుంది గదా" అని నవ్వారట. అందరూ నవ్వారట. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, పుట్టాక పిన్నికి ఒక్క రెండేళ్ళు ఇంట్లో ఉండాలనిపించింది. అది మహాపరాధం కాదు గదా. ప్రమోషనూ అక్కర్లేదు, ఇంక్రిమెంటూ అక్కర్లేదు, వాడికి మాటలొచ్చేదాకా వాడి దగ్గరుంటానంది. బాబాయి కోప్పడలేదు. చాలా శాంతంగా, "నీ ఇష్టం. కాని ఫ్లాటు వాయిదాలు ఎవరు కడతారో అదికూడా నువ్వే చెప్పు" అన్నాడు. సెలవు అయిపోగానే పిల్లాణ్ణి విజయనగరంలో అమ్మమ్మకి అప్పగించి పిన్ని కౌంటరులో కూర్చుంది. వాడు బడికి వెళ్ళే వయసుదాకా అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. అమ్మమ్మని "అమ్మా" అనేవాడు. పిన్నిని "హైదరాబాదమ్మ" అనేవాడు. పిన్ని రెండు నెలలకోసారి వచ్చి, తిరుగు రైలెక్కేటప్పుడు వాడు ఏడవకపోతే తను ఏడ్చేది. జీతం పడే ఖాతా కార్డు బాబాయి జేబులో ఉంటుంది. "నా జీతాన్ని నేను స్లిప్పుమీదే చూస్తానే" అంటుంది పిన్ని. నవ్వుతూనే అంటుంది.

మా ఇంట్లో ప్రతి పండక్కీ ఒక తంతు జరుగుతుంది. పిన్ని అమ్మతో, "నీదే అదృష్టమక్కా, హాయిగా ఇంట్లో ఉన్నావు, పిల్లల్ని దగ్గరుండి పెంచుకున్నావు" అంటుంది. అమ్మ పిన్నితో, "నీదే అదృష్టమే, నీకాళ్ళమీద నువ్వు నిలబడ్డావు" అంటుంది. చిన్నప్పుడు ఇది మర్యాదకి అనుకుంటున్నారనుకునేదాన్ని. ఇద్దరూ మనస్ఫూర్తిగా అంటున్నారని ఇప్పుడు తెలిసింది. ఒకరికి ఇల్లు దక్కింది, ఒకరికి ఉద్యోగం దక్కింది. ఇద్దరికీ ఒకే మాట చెప్పారు: నీ ఇష్టం. ఈ మాట చెప్పాక ఇక చెప్పినవారి బాధ్యత తీరిపోతుంది. పాలు పొంగినా, పొయ్యి ఆరినా ఆవిడ ఇష్టప్రకారం జరిగినట్టే లెక్క.

మన పెద్దలేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఉద్యోగంవైపు తలుపు తెరవడానికి చాలా పోరాటాలే జరిగాయి. ఇండియన్ ఫారిన్ సర్వీసులో మొదటి మహిళ సి. బి. ముత్తమ్మగారు 1949లో చేరేటప్పుడు, పెళ్ళి చేసుకుంటే ఉద్యోగానికి రాజీనామా చేస్తానని హామీ రాసివ్వవలసి వచ్చింది. ఆవిడ కోర్టుకెక్కితే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ సర్వీసు నిబంధనల్ని చీల్చిచెండాడారు. మొదటిసారి గర్భం రాగానే విమానంలో హోస్టెస్ ఉద్యోగం ఊడిపోతుందన్న ఎయిరిండియా నిబంధనని 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోరాదన్న నిబంధనని మాత్రం అదే తీర్పు సబబేనంది! సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. 1961 నాటి ప్రసూతి సదుపాయాల చట్టంలో 12 వారాలున్న సెలవుని 2017లో 26 వారాలు చేశారు. యాభైమంది, అంతకుమించి పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే శిశుగృహం పెట్టాలన్నారు.

బాగుంది. కాని ఆ 26 వారాల జీతం యజమానే ఇచ్చుకోవాలి. అందుకని చిన్న కంపెనీలు పెళ్ళీడు పిల్లల్ని చూసి జంకుతాయి. మా సీనియరు ఒకామెని ఇంటర్వ్యూలో, "పెళ్ళి ఆలోచన ఏమైనా ఉందా?" అని అడిగారు. ఆ రోజే ఇంటర్వ్యూకి వెళ్ళిన అబ్బాయిల్ని అడగలేదు. తండ్రికి సెలవు సంగతి ఆ చట్టంలో అసలు లేనేలేదు. కేంద్రప్రభుత్వోద్యోగులకి మాత్రం 15 రోజులుంది. పదిహేను రోజుల్లో పురుడే వెళ్ళదు. పిల్లాడి బాధ్యత తల్లిదేనని చట్టం కూడా అలా మాట్లాడకుండానే చెప్పేస్తుంటే, తాతయ్య ఒక్కడిమీద నేనేం కోప్పడను?

వెళ్ళడానికి తలుపుంది. ఇంటికి రావడానికీ తలుపుంది. మళ్ళీ వెళ్ళడానికి మాత్రం లేదు. నా స్నేహితులతో ఈ మాటంటే, "అయితే ఉద్యోగం అసలు మానకూడదు" అంటారు కొందరు. మరికొందరు, "ఇంట్లో ఉంటాననే ఆడది చదువు దండగ చేసుకున్నట్టే" అంటారు. ఈ రెండోమాట నాకు బొత్తిగా నచ్చదు. నెలల పిల్లకి స్నానం చేయించడం తక్కువ పని అని నేననుకోను. అది ఎవరి పనో పుట్టకముందే రాసిపెట్టడం మీదే నా తగువంతా.

ఇంకొక మనిషి సంగతి చెప్పకుండా వదిలేస్తే ఈ వ్యాసం అన్యాయమవుతుంది. మేము భోంచేసే చోట వంటచేసే ఆవిడ ఉంది. తెల్లవారి నాలుగింటికి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. నూటపాతికమందికి ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ. సెలవులనుంచి వచ్చాక ఒక సాయంత్రం, పరీక్ష ఫీజు కట్టిన నీరసంలో ఆ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని, నా బుర్రలో తిరుగుతున్నదేదో ఆవిడతో అన్నాను. ఉద్యోగం చేయడం, ఇంట్లో ఉండడం, రెంటిలో నీకేది ఇష్టమని అడిగాను. అడిగాక సిగ్గేసింది. కాని ఆవిడ నవ్వలేదు. పిండి కలపడం ఆపలేదు.

"ఒక్క యేడు సాలమ్మా. ఒక్క యేడు నాను ఇంటికాడ కూకోవాల. పిల్లకి జడేసి, బొట్టెట్టి, బడికాడ దిగబెట్టాల. నానొచ్చేయాలకి అది లెగదు, నానెల్లేయాలకి అది తొంగుంటాది. ఒక్క యేడు అయితే మల్లా ఈ పనికే వొస్తాను. ఇంటికాడే ఉండిపోమంటే ఉండలేను, సేతిలో డబ్బులుండాల గదా."

నా ఉపన్యాసంలో నేను ఐదు నిమిషాలు గొంతుచించుకుని చెప్పలేకపోయినది ఆవిడ చపాతీపిండి ముద్ద కట్టేలోపు చెప్పేసింది. ఇంటిదగ్గర ఒక ఏడు, తర్వాత మళ్ళీ పని, చేతిలో డబ్బు. మా అమ్మకి కావలసింది అదే. పిన్నికి కావలసిందీ అదే. ఆ వంటింట్లో పనిచేసేది ఏడుగురు. చట్టానికి యాభైమంది కావాలి. కనుక శిశుగృహం లేదు. మధ్యాహ్నం పూట కూరలు తరిగే ఆవిడ కూతురు బియ్యం బస్తాలమీద నిద్రపోతూ ఉంటుంది.

ఇక నా సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. క్లాసులో ఎలాగూ సగంమందికి తెలుసు గనుక రాసేస్తున్నాను. గత నెల నన్ను చూసుకోవడానికి పెళ్ళివారొచ్చారు. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీలో పని. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. నేను పోటీపరీక్షలకి తయారవుతున్నానంటే పుస్తకాల పేర్లు అడిగి తెలుసుకున్నాడు. అంతా సవ్యంగా జరుగుతూండగా వాళ్ళమ్మగారు చిరునవ్వుతో, "ఉద్యోగం చేసినా సరే, మానేసినా సరే, మాకేం పట్టింపులేదమ్మా. అంతా నీ ఇష్టమే" అన్నారు.

మా నాన్న సంతోషంతో తలూపారు. ఇంతకన్నా ఏం కావాలి? మా అమ్మ కాఫీ గ్లాసులు తీస్తూ ఆగింది. పెళ్ళిచూపుల్లో అమ్మ మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. మా అన్నయ్య పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

"బాబూ, మీ ఆఫీసులో పిల్లలు పుడితే తండ్రికి ఎన్నాళ్ళు సెలవిస్తారు?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి ఇబ్బందిగా నవ్వాడు. తనకి తెలియదన్నాడు, ఎప్పుడూ అడగలేదన్నాడు. కనుక్కుని చెబుతానన్నాడు. వాళ్ళు వెళ్ళాక నాన్న వీధిగుమ్మంలో నిలబడి, "పెళ్ళే కాలేదు, అప్పుడే పిల్లలూ సెలవులూనా? ఏమనుకుంటారు?" అని అమ్మని గట్టిగానే కోప్పడ్డారు. అమ్మ బదులు చెప్పలేదు. లోపలికొచ్చి ట్రంకుపెట్టెలోంచి ఆ కార్బన్ నకలు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే, మొదట్నుంచి చివరిదాకా చదివారు. వాళ్ళ నాన్న అక్షరాల్ని వేలితో తడిమారు. "ఇది నేనెప్పుడూ చదవలేదు" అన్నారు. నిజమే అయ్యుంటుంది. లైటు తీసేశారు గదా.

బెంగళూరునుంచి ఇంకా కబురు రాలేదు. నాన్న రోజుకి నాలుగుసార్లు ఫోను చూసుకుంటున్నారని అమ్మ చెప్పింది. నాకు వచ్చిన టిఫిన్ క్యారియరు ఇప్పుడు నాన్నే ఆఫీసుకి పట్టుకెళుతున్నారు. పొద్దున్నే తనే సర్దుకుంటున్నారట. అడుగుగిన్నె మూత సరిగ్గా పడక పప్పు కారి సంచీ అంతా పాడయిందని, ఇలాంటివి బహుమతిగా ఎవరిస్తారని నిన్న నాకు ఫోనుచేసి ఫిర్యాదు చేశారు.